కలరా ఉండల వాసన

బొమ్మలు కడగడానికి మా బడిలో పుణ్యవతిగారిని పెట్టుకున్నామంటే అందరూ నవ్వేవారు. అదీ ఒక ఉద్యోగమేనా అని. అలా నవ్విన వాళ్ళను ఒక్కపూట మా పిల్లల మధ్య కూర్చోబెట్టాలని నాకు మహా కోరికగా ఉండేది.

హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక అద్దె ఇంట్లో నడిచే చిన్న బడి మాది. నేను అందులో టీచర్ని. మాటలు రాని పిల్లలు, కుదురుగా కూర్చోలేని పిల్లలు, ఎవరైనా ముట్టుకుంటే కెవ్వుమనే పిల్లలు వచ్చేవారు. చేతికి మెత్తటిది ఏదైనా ఇస్తే కాస్త నెమ్మదించేవారు. అందుకని పిండి నింపిన బుడగలు, స్పాంజి బంతులు, నొక్కితే సాగే రబ్బరు బొమ్మలు ఉంచేవాళ్ళం. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన కొత్తలో కొన్ని ఆఫీసుల్లో కంపెనీ పేరు అచ్చేసిన మెత్తటి బంతులు పంచేవారు, ఉద్యోగులు విసుగొచ్చినప్పుడు నొక్కుకోవడానికట. వాళ్ళు నాలుగు రోజులు నొక్కి పారేస్తే, మా పిల్లల తండ్రులు తెచ్చి మాకిచ్చేవారు.

సాయంత్రానికి వాటి నిండా చొంగ, చెమట, మట్టి. పుణ్యవతిగారు గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి, గట్టిగా పిండకుండా అరచేతుల మధ్య దొర్లిస్తూ కడిగేవారు. ఎండకు రబ్బరు పగులుతుందని వరండా నీడలో పాత పంచె పరిచి ఆరబెట్టేవారు. ఆరాక, ఒకదానికొకటి అంటుకోకుండా, చంటిపిల్లకు అద్దినట్టు పౌడరు అద్దేవారు. పిండి బుడగలను మాత్రం తడిగుడ్డతో తుడిచి, పురుగు పట్టకముందే లోపలి పిండి మార్చేవారు.

ఆవిడది భీమవరం దగ్గర పల్లె. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడికి హైదరాబాదులో ఉద్యోగమొస్తే అతని పిల్లల్ని పెంచడానికి వచ్చారు. పిల్లలు ఎదిగారు. తమ్ముడికి విశాఖపట్నం బదిలీ అయింది. సామాను లారీకెక్కుతుంటే, నువ్వూ రా అని ఇంట్లో ఒక్కరూ అనలేదట.

“అడిగితే వెళ్దామనే అనుకున్నానండి,” అన్నారొకసారి నాతో.

ఏరు దాటి తెప్ప తగలేసే రకం ఆ తమ్ముడు. ముఖం చూడకపోయినా అతని మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆవిడ మియాపూర్‌లో ఒక గది తీసుకుని ఒంటరిగా ఉండేవారు. ఆదివారమంతా మాట్లాడే మనిషి లేక, సోమవారం పొద్దున ఆవిడ గొంతు బొంగురుపోయి ఉండేది.

ఆవిడకు మా బడిలో దొరికిన మనిషి రసజ్ఞ. ఏడేళ్ళది, మాట లేదు. కన్నతల్లి ఆమని జడ వేయబోయినా చేతులు విదిలించేది. అలాంటి పిల్ల పొద్దున్నే నేరుగా పుణ్యవతిగారి దగ్గరికి వెళ్ళి, తన ఆకుపచ్చ రబ్బరు చేపను తీసుకుని వాసన చూసేది. తర్వాత ఆవిడ చేయి పట్టుకుని, అది కూడా వాసన చూసేది. సబ్బు, పౌడరు కలిసిన ఆ వాసనే దానికి నమ్మకం. ఆ కాసేపూ పుణ్యవతిగారు ఊపిరి బిగబట్టి నిలబడేవారు. రోజు మొత్తంలో ఆవిడను మరో మనిషి ముట్టుకునేది అప్పుడొక్కసారే.

ఆ ఏడు వేసవి సెలవులకు బొమ్మలు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. బడిలో ఎలుకలు. “నా పెట్టెలో పెడతానండి, నలుసంత కూడా చెడవు,” అన్నారావిడ. ఆవిడకు ఉన్నది ఒకే ఇనప్పెట్టె. అందులో తల్లి కట్టిన పట్టుచీర. ఆ చీర పక్కనే బొమ్మలన్నీ గుడ్డలో చుట్టి పేర్చి, మనవాళ్ళు అపురూపమైనది ఏది దాచినా చేసే పనే చేశారు. గుప్పెడు కలరా ఉండలు వేసి తాళం వేశారు.

జూన్‌లో బడి తెరిచిన రోజు పుణ్యవతిగారు ఆ పట్టుచీరే కట్టుకుని వచ్చారు. ఎవరి కోసమో నాకు తెలుసు. పెట్టె దింపి మూత తీయగానే వాచ్‌మన్ ఐలయ్య ముక్కు మూసుకున్నాడు.

“ఏందమ్మా గీ వాసన? పిల్లల బొమ్మలా, పెండ్లిచీరలా ఇవి?”

కలరా ఉండల ఘాటుకు రబ్బరు బొమ్మలు సగం కరిగి ముద్దకట్టాయి. చేప ఒక్కటి ఆకారం మిగిలి, జిగటగా ఉంది. ఆవిడ దాన్ని గబగబా తుడుస్తుండగానే రసజ్ఞ పరుగెత్తుకొచ్చి లాక్కుంది. వాసన చూసి విసిరేసింది. ఆవిడ చేయి పట్టుకుంది. అదే వాసన. ఆ చేతిని తోసేసి, గోడకు తల బాదుకుంటూ ఏడ్చింది. ఆమని వచ్చి ఎత్తుకుపోయేదాకా ఆపడం ఎవరి తరమూ కాలేదు.

మంచికి పోతే చెడెదురైందంటే ఇదే. కలరా ఉండలు విషమని, పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుల దగ్గర అసలుండకూడదని డాక్టరు చెబితే అన్నీ పారేశాం. పుణ్యవతిగారు చీర ఉతికారు, తలంటుకున్నారు, చేతులు ఎర్రబడేలా తోముకున్నారు. వాసన పోయింది. పిల్లకు మాత్రం భయం పోలేదు. గేటు దగ్గర ఆవిడ కనబడితే చాలు, రోడ్డు మీదే కూలబడేది. వారం గడిచినా అంతే. ఇలాగైతే బడి మాన్పిస్తానని ఆమని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ మాట పుణ్యవతిగారి చెవిన పడింది. మర్నాడు నా దగ్గరికి వచ్చారు.

“పిల్లలు వెళ్ళిపోయాక వచ్చి కడుగుతానండి. పొద్దున్నే వాళ్ళొచ్చేసరికి బొమ్మలు ఆరిపోయి ఉంటాయి.”

“కొన్నాళ్ళు ఓపిక పట్టండి పిన్నిగారూ, అదే మరిచిపోతుంది.”

“అందాకా దాని చదువు పాడవదాండీ?”

ఆవిడ పని సాయంత్రానికి మార్చాను. రసజ్ఞ మళ్ళీ బడికి వచ్చింది. కొత్త బంతి ఒకటి ఇస్తే, రెండు రోజులు అటూ ఇటూ తిప్పి చూసి తీసుకుంది.

ఒక సాయంత్రం తాళం వేయడానికి నేనొక్కదాన్నే ఉండిపోయాను. పుణ్యవతిగారు పంపు దగ్గర కూర్చుని ఆ బంతి కడుగుతున్నారు.

“ఇవాళ వచ్చిందాండీ?” అని అడిగారు.

“వచ్చింది.”

“నాకోసం ఏమైనా వెతికిందా?”

అబద్ధం చెబుదామనుకున్నాను.

“లేదు పిన్నిగారూ.”

ఆవిడ తలొంచుకునే ఉన్నారు. “మంచిదేనండి,” అని, పక్కనున్న ఇంకో బంతి అందుకున్నారు.