వాన ఎటు పడితే గోడ అటు

మా నాన్నగారికి కోరికలు తక్కువ. వాటిలో మొదటిది సొంత గోడ. సొంత ఇల్లు కాదా అని అడగవచ్చు. గోడ అంటూ ఉంటే లోపల ఇల్లు ఎలాగూ ఉంటుందని ఆయన ఉద్దేశం. కృష్ణా జిల్లా నుంచి సర్కారు ఉద్యోగం మీద వచ్చి, పాతబస్తీలో పద్దెనిమిదేళ్లు అద్దె ఇళ్లలో ఉన్నాం. ఓనర్లు మారారు గానీ మాట మారలేదు: "గోడకు మేకు కొట్టొద్దు." క్యాలెండరును కుర్చీలో కూర్చోబెట్టిన ఏళ్లు కూడా ఉన్నాయి.

డెబ్భైల మధ్యలో ఛత్రినాకలో రెండు గదుల ఇల్లు కొన్నాం. పక్కింటివాళ్లది పాల వ్యాపారం, నాలుగు బర్రెలు. మాకూ వాళ్లకూ మధ్య తుమ్మకంపా తుప్పురేకులూ కలిపిన దడి ఒకటి ఉండేది. మనుషులు దాన్ని గౌరవించేవారు. బర్రెలు అంత దూరం ఆలోచించేవి కావు.

గోడ కట్టాలంటే ముందు రూల్సు తెలియాలన్నారు నాన్నగారు. బీఏ చదువుతున్న కొడుకు ఇంట్లో ఉన్నందుకు ఏదో ఒక ఉపయోగం ఉండాలి కదా, నన్ను మున్సిపాలిటీ ఆఫీసుకు పంపించారు. మూడు రోజులు తిరిగి రాసుకొచ్చాను: ముందు గోడ ఛాతీ ఎత్తు దాటకూడదు, పక్క గోడ అయిదడుగులు దాటకూడదు, పునాది మన జాగాలోనే ఉండాలి, గేటు లోపలికే తెరుచుకోవాలి. నాన్నగారు ఆ కాగితాన్ని రామకోటి పుస్తకంలో పెట్టుకున్నారు. ప్లాను మంజూరై స్టాంపు పడ్డాక, ఏప్రిల్‌లో పని మొదలైంది.

మేస్త్రీ ఆ చుట్టుపక్కల సగం గోడలు కట్టిన ముసలాయన. చెవి వెనక బీడీ, నోట్లో ఇంకో బీడీ. ఆఖరి రోజున గోడ మీద నుంచే అడిగాడు.

"సాబ్, పైన ఢాల్ ఎటు ఇయ్యాలె?"

గోడ నెత్తిన వాన నీళ్లు నిలవకుండా ఒక పక్కకు వాలు పెడతారు. అది ఎటు అని ఆయన ప్రశ్న. నాన్నగారి సైకిలు మా వైపు గోడకే ఆనుకుని ఉండేది. అది తడవకూడదు.

"అటు," అన్నారు నాన్నగారు, పక్కింటి వైపు చూపించి.

"అటా?"

"అటే."

"సోచ్ లో, సాబ్."

"ఆలోచించే చెబుతున్నానయ్యా."

మేస్త్రీ ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. "సాబ్‌కా దిల్ బహుత్ బడా," అన్నాడు. తన మనసు పెద్దదని నాన్నగారికి ముందే తెలుసు గనుక కారణం అడగలేదు.

మర్నాడు పక్కింటావిడ పెద్ద గిన్నెడు జున్నుపాలు తెచ్చి మా అమ్మకు ఇచ్చింది. "సారు మంచిగ కట్టిపిచ్చిండు తల్లీ. గిసొంటి మనిషిని నేనెన్నడు సూడలే," అని కళ్లు తుడుచుకుంది. మనుషుల్లో మంచితనం ఇంకా ఉందని మేమంతా అనుకున్నాం. జున్ను రెండు రోజులు తిన్నాం. అది రసీదు అని మాకేం తెలుసు?

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. తెల్లవారి ఎండ కాసింది. అవతల నుంచి టప్, టప్ అని చప్పుడు. నాన్నగారు గోడ మీద నుంచి తొంగి చూశారు. పక్కింటావిడ కొంగు బిగించి, మా కొత్త గోడకు వరసగా పిడకలు కొడుతోంది. అప్పటికి రెండు వరసలు అయ్యాయి.

"ఏమిటమ్మా ఇది? నా గోడకి!"

ఆవిడ చెయ్యి ఆపలేదు. "నీ గోడేంది సారు? రాత్రి నీళ్లన్ని మా దిక్కే వడ్డయిగదా."

"పడితే?"

"వడితే గోడ మాదే గదా! ఢాల్ నువ్వే గిటు వెట్టిపిచ్చి మాకిస్తివి. గింతట్లనే మర్సిపోయినవా?"

నాన్నగారు లోపలికి పరిగెత్తి స్టాంపు ప్లాను తెచ్చి చూపించారు. ఆవిడ దూరం నుంచే చూసింది.

"మంచిగుంది కాయితం. ఇంట్ల వెట్టుకో. వానకు సదువొచ్చునా సారు?"

విచారించగా తేలిందేమిటంటే, ఆ బస్తీలో కాగితాలున్న గోడలు తక్కువ, వాలు లేని గోడ లేదు. నీళ్లు ఎవరి వాకిట్లో పడితే గోడ వాళ్లది. తాతల నాటి నుంచి అదే రూలు. అద్దెకున్నవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెప్పవలసిందల్లా మేకు సంగతే. మున్సిపాలిటీ వాళ్లకు తెలుసేమో గానీ, నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

నాన్నగారు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. "అయిదడుగులు దాటలేదు. పునాది మన జాగాలోనే ఉంది," అని రెండుసార్లు అన్నారు. "పద్దెనిమిదేళ్లు ఆగాను కదే, ఒక్క గోడ కోసం," అన్నారు ఇంకోసారి, మెల్లగా. మా అమ్మ ఆయన కంచంలో ఇంకో గరిటె పెరుగు వేసింది. 

సాయంత్రం నేనే వెళ్లి మేస్త్రీని పిలుచుకొచ్చాను. ఆయన పక్కింటి వాకిట్లోకి వెళ్లి గోడ చూశాడు, పిడకలు చూశాడు, బీడీ వెలిగించాడు.

"పానీ ఇధర్ గిరా, దీవార్ ఇనోకీ. గోడ ఈమెదే సాబ్. నేను రెండుసార్లు అడిగిన." పక్కింటావిడ తల ఎగరేసింది. మేస్త్రీ ఆవిడ వైపు తిరిగాడు. "కానీ అమ్మా, గోడ నీదైతే సున్నం కూడా నీదే. బోనాల ముందట ప్రతి ఏడు, రెండు దిక్కులా."

"వీళ్ల దిక్కు గూడనా?"

"వీళ్ల దిక్కు కూడా. కూలితే మళ్లా నువ్వే కట్టాలె. నీ బర్రెలు రాకి పడగొట్టినా నువ్వే కట్టాలె."

ఆవిడ బర్రెల వైపు చూసింది. నాలుగింటినీ వరసగా చూసింది.

"గట్లయితే నాకొద్దు గోడ. సారుకే ఉండని. గానీ వానకాలం ముంగటుంది, పిడకలు లేకుంటే నా పొయ్యి ఎట్ల మండాలె? అది సెప్పుండ్రి."

ఉచితంగా ఏటేటా సున్నం వచ్చే అవకాశం మా కళ్లముందే నిలబడి ఉంది. నేను నాన్నగారికి సైగ చేశాను. ఆయన నన్ను చూడలేదు.

"పిడకలకు అనుమతిస్తున్నాను," అన్నారు, ఆఫీసులో ఫైలు మీద సంతకం చేసేటప్పటి గొంతుతో. "మేస్త్రీ, వాలు రేపే మార్చెయ్యి."

మర్నాడే మార్చారు. సిమెంటు తట్టలు అందించింది పక్కింటావిడే. తొలకరికి నీళ్లు మా వాకిట్లోనే పడ్డాయి. నాన్నగారు గొడుగేసుకుని అక్కడే నిలబడి చూశారు. సైకిలు శుభ్రంగా తడిసింది.

ఆషాఢం దగ్గరపడగానే ఆయన సున్నం బకెట్టూ కుంచే పట్టుకుని పక్కింట్లోకి వెళ్లారు. కూలివాడిని పెట్టుకోమంటే ఒప్పుకోలేదు. నేను నిచ్చెన మోశాను. అవతలి వైపు గోడ కనపడలేదు, అన్నీ పిడకలే.

"వానలు గదా, పిడకలు ఇంక ఎండలే సారు," అంది ఆవిడ. "నాలుగొద్దులాగి రా."

"నా గోడకు సున్నం వేసుకోవడానికి నేను నాలుగు రోజులు ఆగాలా?"

"నీ గోడే సారు. ఎవలు గాదంటుండ్రు?"

నాన్నగారు బకెట్టు కింద పెట్టారు. తర్వాత ఆవిడ వేసిన నులకమంచం మీద కూర్చుని, ఇచ్చిన చాయ్ తాగి, లేచి, పిడకల సందుల్లోనే సున్నం వేశారు. ఒక్కొక్క పిడక చుట్టూ గుండ్రంగా, సున్నం అంటకుండా, మధ్యాహ్నం దాకా పట్టింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ మా అమ్మను పిలిచారు.

"విన్నావా? మన గోడేనట. ఆవిడే అంది."