వరండాలో దొరికిన జవాబు

మా కాలేజీలో బీఎస్సీ సీటు రావాలంటే ఇంటర్ మార్కులు మాత్రమే చాలేవి కావు. వాటికి ఇంటర్వ్యూ మార్కులు కలిపేవారు. ప్రిన్సిపాల్ గారూ, కాలేజీ కమిటీ తరఫున ఒక ఓడల కాంట్రాక్టరూ, ఇంగ్లీషు లెక్చరర్నైన నేనూ ఒక బల్ల వెనక కూర్చునేవాళ్లం. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వచ్చేవారు. ఒక్కొక్కరితో గడిపేది నాలుగైదు నిమిషాలు. ఆ కాసేపట్లోనే మనిషి ఏపాటివాడో పట్టేస్తానని నాకు నమ్మకం. అప్పటికి ఉద్యోగంలో చేరి మూడేళ్లయినా కాలేదు.

ఇంటర్వ్యూల సంగతి నాకు తెలియక కాదు. డెబ్బైల మొదట్లో ఇదే విశాఖలో నేను డిగ్రీలో చేరినప్పుడు నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "మీ మావయ్య ఇంకా పోర్టులోనే చేస్తున్నారా?" చేస్తున్నారని చెప్పాను. సీటు వచ్చింది. అది నా తెలివికే వచ్చిందనుకోవడం చాలా ఏళ్లు నాకు సుఖంగా ఉండేది.

ఇది ఎనభైల్లో, స్టీల్ ప్లాంటు ఇంకా కడుతున్న రోజుల్లో జరిగింది. జనరల్ నాలెడ్జి అడగడం నా వంతు. నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లాను. అందరినీ అవే అడిగాను. కొత్తవి ఆలోచించడానికి బద్ధకం. ప్రిన్సిపాల్ గారితో మాత్రం, అందరికీ ఒకే ప్రశ్న వేస్తేనే న్యాయంగా ఉంటుందని గొప్పగా చెప్పాను. వాటిలో మొదటిది, విశాఖ రేవును సహజమైన రేవు అని ఎందుకంటారు అని. చాలాసార్లు దానితోనే సరిపెట్టేవాణ్ణి.

పొద్దున్న వచ్చినవాళ్లు తలో రకంగా చెప్పారు. టీ తాగి వచ్చాక అందరిదీ ఒకటే జవాబు. డాల్ఫిన్స్ నోస్ కొండ అలలకు అడ్డుగా నిలవడం చేత నౌకలకు సహజసిద్ధమైన రక్షణ లభిస్తున్నది సార్. ఎవరో మొదట చెప్పిన వాక్యం, మాట మారకుండా అలాగే వస్తోంది. నా వెనక కిటికీ వరండాలోకి తెరిచి ఉంది. బయటి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"ఏటి బావా, ఏటడిగినారు?"

"రేవేరా. కొండ, అలలు, రచ్చన. మూడు ముక్కలు సెప్పు, సాలు."

"అంతేనేటి?"

"అంతే. ఆ కళ్లద్దాలాయనకి ఇంకేటీ రాదు."

కళ్లద్దాలాయన నేనే. మిగతా ఇద్దరూ విన్నారో లేదో తెలియదు. లేచి కిటికీ మూశాను. ప్రశ్న మాత్రం మార్చలేదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. భీమిలి దగ్గర చేపలు పట్టుకునే కుటుంబం. మార్కుల మెమో చూసి ప్రిన్సిపాల్ గారు తల ఊపారు. ఇంకెక్కడైనా అప్లికేషను పెట్టావా అని అడిగారు.

"నేదండి. ఇక్కడ ఆడపిల్లల హాస్టలుందని మా అన్న నాన్నని ఒప్పించినాడండి. ఇక్కడ రాకపోతే సదువు మానిపించేత్తారండి."

జాలి కోసం చెప్పలేదు. అడిగారు కాబట్టి చెప్పింది. తర్వాత నా వంతు వచ్చింది. అదే ప్రశ్న వేశాను. ఆ అమ్మాయి తలుపు వైపు ఒకసారి చూసింది.

"సార్, ఈ ప్రశ్న బయట సెప్పేసినారండి. జవాబు కూడా సెప్పేసినారు. మరోటి అడగండి."

కాంట్రాక్టరు గారు బల్ల మీద చరిచి నవ్వారు. "ఏటి మాస్టారూ, మీ పేపరు లీకైపోనాది! వరండా అంతా పాసైపోతన్నాది!"

ప్రిన్సిపాల్ గారు నవ్వలేదు. నా ముందున్న కాగితం వైపు ఒకసారి చూసి, "ఇంకోటి అడగవయ్యా" అన్నారు.

ఆ అమ్మాయికి నన్ను నవ్వులపాలు చెయ్యాలని లేదు. తెలిసిపోయిన ప్రశ్నకు జవాబు చెబితే కాపీ కొట్టినట్టే అనుకుంది, అంతే. అది నాకు అప్పుడే అర్థమైంది. తర్వాత ఎప్పుడో అర్థమైందని చెప్పుకుంటే నాకు కాస్త తేలికగా ఉండేది కాని, అది అబద్ధం. అర్థమయ్యాకే, ముఖం మండుతుండగా, కాగితం మీద ఉన్నవి వదిలేసి, చట్ట ప్రకారం పెద్ద పోర్టుకీ చిన్న పోర్టుకీ తేడా ఏమిటని అడిగాను. దానికి జవాబు నాకే సరిగా తెలియదు.

"తెలీదండి."

పోర్టుకు సంబంధించిందే ఇంకోటి అడిగాను. అదీ తెలీదంది. మూడోది ఇంగ్లీషులో అడిగాను. ప్రశ్నే అర్థం కాలేదంది. తెలియనిది తెలియదని చెప్పడం ఆమెకు పెద్ద కష్టంగా ఉన్నట్టు కనిపించలేదు. వెళ్లు అన్నాను.

తలుపు మూసుకున్నాక కాంట్రాక్టరు గారే అన్నారు. "పిల్ల నికార్సైనదిలాగుంది మాస్టారూ. సూసి వెయ్యండి."

"ఎక్స్‌ప్రెషన్ లేదండి" అన్నాను. ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఆ గదిలో లేరు. ఇంగ్లీషు లెక్చరరు ఎక్స్‌ప్రెషన్ లేదన్నాక లేనట్టే. నేను వేసిన మార్కులే మిగతా ఇద్దరూ వేశారు.

సీట్ల లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టారు. ఆమె పేరు లేదు. కొండ, అలలు అని అప్పజెప్పినవాళ్లలో ఎవరికి వేసిన మార్కులు ఆమెకు వేసినా పేరు ఉండేది.

రెండు మూడు రోజుల తర్వాత సైకిల్ స్టాండు దగ్గర ఒకతను నాకు అడ్డంగా వచ్చి నమస్కారం పెట్టాడు. ఎండకు కమిలిన మనిషి, బోటు మీద పని. ఆ అమ్మాయి అన్ననని చెప్పాడు.

"లోపల కూసున్నది మీరే కదండి బాబూ? మా సెల్లి ఏటి తప్పు సెప్పిందండి?"

"తప్పేం లేదు. పోటీ ఎక్కువ."

"దానికన్నా తక్కువ మార్కులోళ్లకి వొచ్చిందండి. నాను సూసినాను."

అతన్ని వదిలించుకోవాలనిపించింది. "ఇంటర్వ్యూలో ప్రశ్న ముందే తెలుసని అనకూడదు. మీ చెల్లెలు అలా అంది" అన్నాను.

"ఇంటికాడ అదీ అదే సెప్పిందండి. నాను నమ్మలేదు. ఆ మాటకే సీటు పోద్దేటి, ఇంకేటో సేసుంటావని ఒక్కటిచ్చినాను. నిజమే సెప్పిందన్నమాట." చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. "ఇంకో యేడు నాన్న కాళ్లు పట్టుకుంటానండి. మరప్పుడు ఏటి సెప్పమంటారు?"

"అందరూ చెప్పినట్టే చెప్పమను" అన్నాను.

అలా అన్నందుకు అతను నాకు రెండోసారి నమస్కారం పెట్టాడు. లోపలి కిటుకు ఒకటి చెప్పి ఆ కుటుంబానికి మేలు చేశానని నేను కూడా ఆ పూట అనుకున్నాను. ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను.

ఆ ఏడాది ఆ అమ్మాయి ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పనిలో చేరింది. ఇది నాకు మరుసటి ఏడు ఇంటర్వ్యూలో, ఈ ఏడాదంతా ఏం చేశావని ప్రిన్సిపాల్ గారు ఆమెను అడగ్గా తెలిసింది. ఐసులోనూ ఉప్పునీళ్లలోనూ నాని వేళ్ల చివర్లు తెల్లగా పగిలి ఉన్నాయి. సర్టిఫికెట్లు బల్ల మీద పెట్టి చేతులు వెంటనే వెనక్కి తీసుకుంది.

ఆ ఏడు నేను ప్రశ్నలు మార్చాను. ఆమెకు మాత్రం పాతదే వేశాను. అది సాయమనుకున్నాను. కిందటేడు పోగొట్టింది ఈ ఏడు చేతిలో పెడుతున్నాననుకున్నాను.

ఆమె నా తల మీదుగా గోడ వైపు చూస్తూ చెప్పింది. డాల్ఫిన్స్ నోస్ కొండ అలలకు అడ్డుగా నిలవడం చేత. గుక్క తిప్పుకోకుండా, ఒక్క మాట పోకుండా. వాళ్ల ఊరి యాస కూడా ఎక్కడా రానివ్వలేదు.

"శెభాష్" అన్నారు కాంట్రాక్టరు గారు. ఆయనకు ఆమె గుర్తు లేదు. నేను పూర్తి మార్కులు వేశాను. సీటు వచ్చింది.

మూడేళ్లలో రెండేళ్లు ఆమె నా క్లాసులో కూర్చుంది. కిటికీ వైపు రెండో బెంచీ. హాజరు పిలిస్తే పలికేది. పాఠం అప్పజెప్పమంటే అప్పజెప్పేది. ఒక్క ప్రశ్న అడగలేదు. క్షమాపణ చెప్పాలని నాలుగైదుసార్లు అనుకున్నాను. చెబితే ఏమంటుందో తెలుసు. పర్వాలేదండి అంటుంది. మాస్టారికి ఏ జవాబు కావాలో అదే ఇవ్వడం ఆమెకు నేర్పింది నేనే. ఆ మాట విని నేను కుదుటపడిపోతానేమోనని భయం వేసి మానుకున్నాను. అది భయమో, పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

రెండో ఏడు ఒకరోజు క్లాసులో నోట్సు చెబుతున్నాను. ముందు రోజు చెప్పినదానికి సరిగ్గా విరుద్ధంగా ఒక మాట చెప్పాను. చెప్పానని నాకు తెలియలేదు. అందరూ వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నారు. ఆమె కలం ఆగింది. ఒక పేజీ వెనక్కి తిప్పి చూసుకుంది. తలెత్తి నావైపు చూసింది. అప్పుడు తెలిసింది నాకు, తప్పు చెప్పానని.

"ఏమ్మా, ఏమైనా సందేహమా?" అని అడిగాను. అడగమని ప్రాధేయపడ్డట్టే అడిగాను.

"లేదండి" అంది.

పేజీ ముందుకు తిప్పి, నేను చెప్పిన తప్పును చెప్పినట్టే రాసుకుంది.