చేత్తో రాయని మాట

నా పేజీలో ఆ మాట నేనే చేత్తో రాశానని నీటి సంఘం మీటింగులో అందరి ముందూ అన్నారు. నేను రాయలేదు.

ఈ వయసుకి ఇంతకంటే పెద్ద మాటలు చాలా పడ్డాను, ఒక్కటీ మరిచిపోలేదు. కానీ ఇది వేరు. ఆ పేజీ పెట్టిందే మనిషి చెయ్యి పడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి.

దయ్యాల సంగతి ముందే తేల్చేస్తాను. నా జీవితమంతా తణుకులో మోటార్లు బాగుచేశాను. ఆగిపోయిన ప్రతి మోటారుకీ ఒక కారణం ఉంటుంది. అది దొరక్కపోతే మనం సరిగ్గా వెతకలేదన్నమాట. నా చదువు హైస్కూల్లోనే ఆగింది. ఇంగ్లీషు పంపుసెట్లతో వచ్చే పుస్తకాల్లో నేర్చుకున్నాను. షాపు మూసేశాక ప్రోగ్రామింగ్ కూడా అలాగే, ఒక పాత లాప్‌టాప్ ముందు కూర్చుని, ఎవరినీ అడక్కుండా నేర్చుకున్నాను. దయ్యాలకి నా బుర్రలో ఎప్పుడూ చోటు లేదు.

మా ఊరు పెనుగొండ దిగువన, కాలవ చివర. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు వంతుల వారీగా వదులుతారు. మా వంతు వచ్చేసరికి కాలవ నుంచి చేలకి తీసిన బోదెలు శుభ్రంగా ఉంటే నీళ్ళు చేలోకి వస్తాయి, లేకపోతే మురుగు కాలవలోకి పోతాయి. ఫోన్లు లేని రోజుల్లో తూము తెరిచారో లేదో చూడ్డానికి ఊరంతా వెళ్ళేది కాదు. మా ఊరి దానియేలు ఒక్కడే సైకిలెక్కి వెళ్ళేవాడు. మిగతావాళ్ళం కలుపో, గట్టు పనో చేసుకుంటూ ఉండేవాళ్ళం. తిరిగొచ్చి, వంతెన మీద సైకిలైనా దిగకుండా, "పడిందండీ!" అని ఒక్క కేక వేసేవాడు. కాలవకి నీరు పడిందని. ఇక మళ్ళీ ఎవరూ వెళ్ళి చూసేవారు కాదు. ఆ కేక చాలు. అతను పోయి చాలా ఏళ్ళయింది. లూథరన్ చర్చి వెనక సమాధి చేసినప్పుడు నేనూ మట్టి వేశాను.

ఇప్పుడు తూము సంగతి ఇరిగేషన్ ఆఫీసువాళ్ళ సైటులో ఉంటుంది. అది తెరుచుకునేలోపు చేతిలో టీ చల్లారిపోతుంది. పదిమంది ఒకేసారి అడిగితే అసలు పలకదు. అందుకని నేనొక చిన్న పేజీ పెట్టి, దాని వెనక ఎసింక్రనస్ క్యాష్ లైబ్రరీ అని ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రామొకటి తగిలించాను. పేరు చూసి బెదరక్కర్లేదు, అది చేసేది దానియేలు పనే. వందమంది అడిగినా ఆఫీసు సైటుకి ఒక్క కబురే వెళ్తుంది. ఆ కబురు తిరిగొచ్చేదాకా మిగతా పనులు ఆగవు. తెచ్చిన జవాబుని క్యాష్ అనే చోట కాసేపు దాచి, అడిగిన అందరికీ అదే ఇస్తుంది. పాతబడగానే పారేసి మళ్ళీ వెళ్తుంది. నా పేజీకి తెలిసిన జవాబులు రెండే: "తూము తెరిచి ఉంది", "తూము మూసి ఉంది". మూడోది నేను పెట్టలేదు.

పోయిన దాళ్వాలో చేలన్నీ పొట్ట మీదున్న రోజులవి. మా వంతుకి ఇంకా గడువుంది. ఆ పొద్దున నేను కంటి డాక్టరు దగ్గర ఉన్నాను. కళ్ళలో చుక్కలు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. నా వేళ్ళే నా కళ్ళకి ఆనడం లేదు. అప్పుడు నాగమణి ఫోను చేసింది. కాలవకి చిట్టచివర చేను కౌలుకి చేస్తుంది. ఒక్క వంతు తప్పితే ఆ అమ్మాయి పంట తాలుగింజలే.

"బాబాయ్‌గారూ, పేజీలో ఇదేంటండీ?"

"ఏముందమ్మా? మూసి ఉందనేగా?"

"కాదండీ. పడిందండీ అని ఉంది."

"సరిగ్గా చదువు."

"చదివానండీ. పడిందండీ. అంతే. మా చిన్నప్పుడు దానియేలు తాత వంతెన మీంచి అరిచేవాడు కదా, ఆ మాటండీ. బోదెలో గుర్రపుడెక్క తీయించమంటారా, వద్దంటారా?"

పేజీలో ఏదో తేడా చేసింది, ఆగమ్మా, అనాలి నిజానికి. నా పేజీ తప్పంటే నాకే రోషం వచ్చింది. "నా పేజీ అబద్ధం చెప్పదు, తీయించు" అన్నాను.

నాగమణి వాళ్ళు తీశారు. సాయంత్రానికి నీళ్ళు వచ్చాయి. ఎగువన ఎక్కడో గట్టు జారుతోందని, వంతు రాకుండానే మా కాలవకి వదిలేశారట. ఆఫీసు సైటు మాత్రం మర్నాటిదాకా మూసి ఉందనే చెప్పింది. నా పేజీలో కూడా ఆ మాట కాసేపటికి పాతబడి చెరిగిపోయి, మళ్ళీ "మూసి ఉంది" అనే వచ్చింది. కానీ నాగమణి ఫోనులో ఫొటో ఉంది, చూసినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.

సంఘం ప్రెసిడెంటు సుబ్బరాజుగారూ చూశారు. ముసలాయన ఏదో కెలికాడనుకుని వదిలేశారు. ఆయన బోదె పూడుకుపోయి ఉంది, వచ్చిన నీళ్ళు సగం మురుగు కాలవ పాలయ్యాయి. మీటింగులో ఆయన కోపం నాకు అర్థమైంది. అన్న మాటే అర్థం కాలేదు.

"ఆఫీసులో ఎవరో మీకు ముందే చెప్పారు. మీరు చేత్తో రాసేశారు. కాదంటారా?"

"కాదంటానండి."

"మరి మీ కంప్యూటరుకి మన యాస ఎప్పుడొచ్చిందండీ?" అన్నాడు వెనక నుంచి ఎవరో. హాలంతా నవ్వులు.

నాగమణి లేచింది. "కళ్ళలో చుక్కలేసుకుని కూర్చున్న మనిషి ఎలా రాశాడండీ? చెప్పిన మాట వినకుండా నీళ్ళొదులుకుని, ఇప్పుడు ఆయన్నంటారేంటండీ?"

"ఇవాళ ఇది రాసినవాళ్ళు రేపు ఇంకోటి రాస్తారమ్మా. ఎలా నమ్మాలి?" అన్నారు సుబ్బరాజుగారు. నా వైపు తిరిగి, "ఎలా వచ్చిందో తేల్చండి. లేదా పేజీ తీసెయ్యండి" అన్నారు.

తేల్చడానికే కూర్చున్నాను. ప్రోగ్రాము తాను చేసిన ప్రతి పనీ లాగు అనే చోట రాసుకుంటుంది. ఆ పొద్దున అది ఆఫీసు సైటుకి వెళ్ళినట్టు లేదు. ఎవరైనా జవాబు పెట్టినట్టూ లేదు. క్యాష్‌లో ఉంది, తీసి ఇచ్చాను, అని మాత్రమే ఉంది. పాస్‌వర్డు నాకు తప్ప ఎవరికీ తెలియదు. నా ప్రోగ్రామంతా గాలించినా ఆ మాటే లేదు.

ఆ లైబ్రరీ రాసినతనికి ఫిర్యాదు పంపాను. ఎక్కడో పరాయి దేశం మనిషి. ఎవరూ పెట్టనిది క్యాష్‌లో ఉండదు, మీరే పెట్టి మరిచిపోయి ఉంటారు, అని ఒక్క ముక్క రాసి ఫిర్యాదు మూసేశాడు. సుబ్బరాజుగారు అన్నదే మళ్ళీ ఇంగ్లీషులో! నేను మరిచిపోవడమా! ప్రోగ్రామూ, లాగులూ, కంటి డాక్టరు చీటీ ఫొటో, అన్నీ పంపాను. దానియేలు ఎవరో, మా కాలవ మీద కబురు ఎలా నడిచేదో పేజీలకి పేజీలు రాశాను. నీళ్ళ సంగతి మాత్రం రాయలేదు, అతనికెందుకని.

ఈలోగా నాగమణి పంట ఇంటికొచ్చింది. కొత్త బియ్యం తెచ్చి అరుగు మీద పెట్టి, "ఆయ్, దానియేలు తాత వాటా కూడా ఇందులోనే ఉందండీ" అని నవ్వింది. పేజీని ఇప్పుడు జనం ఇదివరకటి కంటే ఎక్కువే చూస్తున్నారు. నేను మాత్రం దయ్యమని ఒప్పుకోను. కారణం దొరకని మోటారు ఇది, అంతే. వెతుకుతూనే ఉన్నాను. దొరకలేదు. అయినా పొద్దున్నే టీ పట్టుకుని ఆ పేజీ తెరిస్తే మనసుకి హాయిగానే ఉంటుంది, ఎందుకో చెప్పలేను.

చివరికి ఆ లైబ్రరీ రాసినతని నుంచి జవాబు వచ్చింది. తెలుగులోకి మార్చి మీటింగులో చదివాను. సుబ్బరాజుగారు పేజీ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

"మీరు పంపినవన్నీ చదివాను. మీ ప్రోగ్రామును నా దగ్గర ఎన్నోసార్లు నడిపి చూశాను. ఆ మాట మీరు రాయలేదు. నా లైబ్రరీ దాన్ని ఎక్కడి నుంచీ తేలేదు. అయినా అక్కడ ఉంది. మిమ్మల్ని అనుమానించినందుకు మన్నించండి. మీ ఫిర్యాదు మళ్ళీ తెరిచాను, కారణం దొరికేదాకా మూయను. ఇంతకీ, నీళ్ళు వచ్చాయా?"