అప్పయమ్మ ప్రేమించని పొరుగు

నర్సీపట్నంలో అప్పయమ్మ నోటికి జడవని మనిషి ఒక్క జోగులమ్మే. ఇద్దరూ విధవలే, ఇద్దరివీ పక్కపక్క పాకలే, ఇద్దరిదీ ఒకటే పని: మోతుబరుల ఇళ్లలో ధాన్యం దంచడం. ఒకే రోట్లో రెండు రోకళ్లు, ఒకదాని తర్వాత ఒకటి పడాలి. ఆ దెబ్బ తప్పకుండా వేస్తూనే ఇరవై ఏళ్లుగా చూరునీళ్ల గురించీ, కోడిపెట్టల గురించీ, పోయిన మొగుళ్ల గుణగణాల గురించీ తిట్టుకుంటూ వచ్చారు. తిట్లు ఆగిన రోజున దంపు సాగదని కామందులే చెప్పుకునేవారు.

మన్యంలో దొరల మీద లేచిన పితూరీ సద్దుమణిగిన రెండేళ్లకు జోగులమ్మకు అమ్మవారు పోసింది. వీధి వీధంతా ఆవిడ గుమ్మానికి వేపమండలు కట్టి, భక్తిగా దణ్ణం పెట్టి, ఇంకా భక్తిగా దూరం జరిగింది. అప్పయమ్మకు చిన్నప్పుడే ఆ ముచ్చట తీరిపోయింది. ముఖం నిండా ఉన్న మచ్చలే సాక్ష్యం. "ఇది సస్తే ఆ కంపు నా పాకలోకే కదా వొస్తాది" అనుకుంటూ వెళ్లి గంజి పోసింది. ఇరవై రోజులు పోసింది. జోగులమ్మ బతికింది గాని రెండు కళ్లూ పోయాయి.

ఇకమీదట ఈ గుడ్డిదాన్ని ఎవరు చూస్తారు? నేను తప్ప ఎవరైనా సరే అని అప్పయమ్మ నిశ్చయం.

ముందుగా మిషను ఉపదేశి దేవసహాయం గారి దగ్గరికి వెళ్లింది. పొరుగువాళ్లను ప్రేమించమని ప్రతి సంతలోనూ గొంతు చించుకునేది ఆయనే. కథంతా విని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"అప్పయమ్మా, ఆమెలో నువ్వు ప్రభువునే చూశావమ్మా!"

"నేదు బాబూ, జోగులమ్మనే సూసాను. దాన్ని సూసీసరికే నా పేణం సాలిపోనాది."

గుడ్డివాళ్లకు మిషనువారి ఆశ్రమం ఒకటి ఉందని, దొరగారికి రాస్తానని ఆయన మాటిచ్చారు. దొరగారు వేసవికి కొండల మీద చల్లగా ఉన్నారట.

అక్కణ్ణించి బడిపంతులు సోమసుందరం గారింటికి వెళ్లింది. పంతులుగారు ఇంగ్లీషు పుస్తకాలు చదివి దేవుడికి ఉద్వాసన చెప్పారు. జంధ్యం మాత్రం భార్య శ్యామలాంబ గారికి భయపడి ఉంచుకున్నారు. ఆయనది మానవ సేవా సంఘం. సభ్యులు నలుగురు, బల్ల ఒకటి. ఆయన యావత్తు మానవజాతినీ ప్రేమిస్తారు. ఆ మానవజాతి వచ్చి అరుగు మీద కూర్చుంటే మాత్రం ఆయనకు చదువు సాగదు.

"ఆ ఉపదేశి స్వర్గం ఆశ చూపి మంచి చెయ్యమంటాడు. నువ్వు సాటి మనిషని చేశావు. దేవుడక్కర్లేని ధర్మానికి నువ్వే రుజువు!" అన్నారాయన.

"అదలాగుంచండి బాబూ. దాన్ని మీ ఇంట ఉంచుకుంతారేటి?"

లోపల శ్యామలాంబ గారు దగ్గారు. ఒక్కరికి అన్నం పెడితే అది దానం, లోకంలో ఆకలి లేకుండా చేస్తే అది న్యాయం అని పంతులుగారు వివరించారు. మాట మంచిదే. ఆ న్యాయం వచ్చేదాకా జోగులమ్మ ఏం తినాలో వచ్చే సమావేశంలో ఆలోచిస్తామన్నారు.

ఆ విధంగా అప్పయమ్మ రెండు ధర్మాలకూ సాక్షి అయింది, అందాకా అని తెచ్చి పెట్టుకున్న జోగులమ్మ అప్పయమ్మ పాకలోనే ఉండిపోయింది. గంజిలో ఉప్పెక్కువైందని రోజూ వంక పెట్టేది.

"కళ్లు పోనాయి గాని నీ నాలిక పోనేదేటే!"

నెల తిరిగేసరికి దేవసహాయం గారు ఎడ్లబండి తీసుకుని వచ్చారు. మాట నిలబెట్టుకున్న మనిషిని వెక్కిరించకూడదు గనక ఈ ఒక్క వాక్యం వరకూ ఊరుకుందాం. సంగతి తెలిసి పంతులుగారు ఉత్తరీయం జారిపోతున్నా చూసుకోకుండా పరుగున వచ్చారు.

"దిక్కులేనిదాని ఆపద చూసి మతంలో కలుపుకుంటారా?"

"మతం అడగలేదండీ, అన్నం పెడతామన్నాం. పోనీ, మీరు పెడతారా?"

పంతులుగారు జారిన ఉత్తరీయం సర్దుకుని బండికి దారి ఇచ్చారు.

అప్పయమ్మ కోరుకున్నది ఇదే. అయినా ఆవిడకు పొద్దుటినుంచి గంజి దిగలేదు. జోగులమ్మ చీరలు రెండూ మూటగట్టి బండిలో పడేసింది.

"బేగి ఎక్కవే, ఎడ్లు నీకోసరం నిలబడి సావాలేటి!"

జోగులమ్మ ఒక కాలు బండి మీద పెట్టి ఆగింది.

"బాబూ, అక్కడ నన్ను తిట్టీవోలు ఉంతారేటి?"

"అయ్యో, లేరమ్మా!" అన్నారు దేవసహాయం గారు ఎంతో దయగా. "అక్కడ నిన్నెవరూ పల్లెత్తు మాట అనరు. అందరూ ప్రేమగానే మాట్లాడతారు."

జోగులమ్మ కాలు కిందికి దించేసింది.

"అయితే నాను రాను బాబూ."

"దిగీసినావేటే, దరిద్రపుదానా!" అంటూ అప్పయమ్మ బండిలోంచి మూట లాక్కుంది. "నీ పీడ వొదిలిపోతాదని అమ్మోరికి కోణ్ణి మొక్కుకున్నాను గదే!" ఆవిడ ముక్కు కారింది, తిట్లు మాత్రం ఆగలేదు. తిడుతూనే పాకవైపు నడిచింది. జోగులమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఆ తిట్ల వెంబడే నడుచుకుంటూ తిన్నగా గుమ్మంలోకి వెళ్లిపోయింది.