లైనక్స్ గుర్తించని మదర్‌బోర్డు

2006 చైత్రం: లైనక్స్ నడిచే సర్వర్ మదర్‌బోర్డు కావాలని అడిగితే, గద్వాల దుకాణదారు పరీక్షించకుండానే ఇచ్చాడు. వైశాఖం: అందులోని నెట్‌వర్క్ చిప్‌ను లైనక్స్ గుర్తించలేదు. జ్యేష్ఠం: మార్చనన్నాడు.

మా నేత సంఘం దాచిన చీర అంచుల నమూనాలను ఆ సర్వర్ నుంచి వనపర్తిలోని మగ్గాలకు పంపాలని నా కల. ఆయన మార్చనన్న మధ్యాహ్నం సంఘంలో పంపబోతే, తెర మీద అంచు హంసలు కదలక నిలిచాయి. మగ్గాల చప్పుడు ఎక్కడో ఏటి అవతల నుంచి వస్తున్నట్టు వినిపించింది.

"లైటు వెలుగుతుంది గద పెద్దాయనా, ఇంకేం గావాలె?" అన్నాడు బోర్డు చూడవచ్చిన దుకాణదారు.

"నూలు చీరకు పట్టంచు కలిపినంక, గుంజి చూడంది మేం మడత పెడ్తమా?" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ రోజే ఆయనకు ఇచ్చిన అర్జీకి జవాబు రాలేదు; అందులోని చివరి వాక్యం నేటికీ వర్తిస్తుంది: లైనక్స్‌తో పరీక్షించకుండా ఎందుకు ఇచ్చారో, బోర్డును ఎప్పుడు మారుస్తారో లిఖితపూర్వకంగా తెలియజేయవలెను.