మామ దిగని గడి

పదిహేను రోజుల కిందట మా మేనమామ మిర్యాలగూడ దవాఖానలో చనిపోయాడు. రొమ్ములో నెత్తురు చేరిందని డాక్టరు చెప్పాడు. ఏడాది కిందట తిన్న దెబ్బలే ఆయన ప్రాణం తీశాయి. ఆ దెబ్బలు నా సైకిల్ కోసం తిన్నవి కాబట్టి, ఉన్నదున్నట్టు మీకు చెప్పుకోవాలి.

సూర్యాపేటలో మామకు సైకిళ్లు బాగుచేసే కొట్టు ఉండేది. నోరు చెడ్డది. పంక్చరుకు వచ్చినవాణ్ణి కూడా రెండు తిట్టి గాని పంపేవాడు కాదు. కానీ ఒక పట్టింపు ఉండేది: బాగుచేసిన బండిని, దాని మనిషి రోజూ పోయే దారిలో తాను తొక్కి చూశాకే ఇచ్చేవాడు.

నాకు పెన్‌పహాడ్ వైపు ఒక ఊళ్లో పంతులు పని దొరికింది. కోదాడలో ఒక ముసలామె పాత సైకిల్ చౌకగా అమ్ముతోందంటే మామను తీసుకుపోయాను. మామ దాన్ని తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పి, ఫ్రేమును వేళ్లతో తడిమాడు.

"ఇది పడి వంగింది కాదు. కట్టెలతోని కొట్టిండ్రు," అన్నాడు.

"నా కొడుకుదయ్యా," అంది ఆమె. "మా ఊరి దొర గడి ముందు సైకిల్ దిగి నడవలేదని ముందు బండిని కొట్టారు, తర్వాత వాణ్ణి కొట్టారు. వాడు మళ్లీ లేవలేదు."

వద్దు, పోదాం అన్నాను. మామ కదల్లేదు.

"బండి బాగైతది. నీ సంగతి చెప్పు అల్లుడా. నీ తొవ్వల గూడ గడి ఉంది గద, దిగుతవా?"

"దిగుత మామా. అందరు దిగుతరు."

"గట్లయితే బండెందుకురా నీకు? నడిసి పో," అని తిట్టి, అయినా కొన్నాడు. రెండు రోజులు సుత్తితో సరిచేశాడు.

మూడోనాడు నన్ను వెనక కూర్చోబెట్టుకుని నా దారిన తొక్కాడు. దొర ఉండే కోటలాంటి గడి కనబడగానే నేను దూకేశాను. మామ దిగలేదు. దొర మనుషులు నలుగురు పడ్డారు ఆయన మీద. ఒకడు జుట్టు పట్టి కింద పడేశాడు. హ్యాండిల్ వదలకపోతే వేళ్ల మీద కొట్టారు. రొమ్ము మీద కట్టె పడ్డప్పుడల్లా చప్పుడు నాకు వినబడింది. నోట్లోంచి పళ్లు రాలాయి. నేను గోడవారగా చేతులు జోడించి, "బాంచెన్, ఇడిసిపెట్టుండ్రి," అంటూనే ఉన్నాను. ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

మామనూ సైకిల్‌నూ ఎడ్లబండిలో వేసుకుని వస్తుంటే నెత్తురు ఉమ్మి, "చక్రం ఊగలే. తీస్కపో," అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. జన్మలో ఆయన నన్ను తిట్టనిది ఆ ఒక్కరోజే. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఆయన సుత్తి ఎత్తలేదు. యూనియన్ సైన్యం వచ్చింది, నా దారిలోని గడి దొర పట్నానికి పారిపోయాడు, జనం గడి తలుపులను గొడ్డళ్లతో నరికారు. మంచంలో పడుకుని ఆ కబురు విన్న మామ దగ్గుతూనే నవ్వాడు. ఆ సైకిల్ మీదే రోజూ పోయివచ్చాను; నాకు బడి, జీతం, పిల్లల ముందు నిలబడే ధైర్యం ఆయన చలవే.

దినాలు అయ్యాక నిన్న బడికి బయలుదేరాను. గడిలో ఎవరివో మేకలు తిరుగుతున్నాయి. కావలివాడు లేడు, కట్టె లేదు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు వాటంతటవే నేల మీదికి దిగాయి. పొద్దుటి ఎండలో హ్యాండిల్ పట్టుకుని, ఖాళీ గడి ముందు అట్లాగే నిలబడిపోయాను.