వాన కొలిచిన నెల

సైన్సు సారు, మా ఏడో తరగతి రమీజా, నేను, బల్ల మీద రెండు నోటుపుస్తకాలు. నిన్న ఆఫీసు డాబా మీద వర్షమాపకం బిగిస్తుంటే ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది.

రమీజా, నేను నెలరోజులు బడిలో వేర్వేరుగా వాన కొలిచాం. మాలో ఒక్కరినే అనంతపురం సైన్సు ప్రదర్శనకు పంపుతారు. నాకు వెళ్లాలని ఉండేది. అన్నీ సున్నాలు రాస్తే మార్కులూ సున్నాయే వేస్తారనుకుని, కొన్ని రోజులకు మూడు, ఐదు మిల్లీమీటర్లు రాశాను.

సారు నా పుస్తకం తిరగేశారు.

"ఏమప్పా, ఈ వాన యాడ పడింది? చెప్పింటే మేమూ శెనక్కాయ ఏసుకుంటాంటిమి గదా."

"నేనే నీళ్లు పోసి కొలిచినా సార్. కొలత కరెక్టుగానే ఉండాది."

రమీజా నవ్వు ఆపుకుంది. సారు ఆమె పుస్తకంలో సంతకం పెట్టారు.

వాన పడకపోవడం కూడా కొలతేనని నాకప్పుడు తెలియదు. ప్రదర్శనకు రమీజా వెళ్లింది. ఆమె పట్టికలో ముప్పై రోజులకు ముప్పై సున్నాలు ఉన్నాయి.